ప్రహరీ గోడకు ఎన్ని ఇటుకలు కావాలి? ముందు ఇటుకను కొలవండి

హనుమకొండలో మా ఇంటికి ప్రహరీ కట్టించిన ఏడాది, మేస్త్రీ స్థలం చుట్టూ ఒకసారి నడిచి, "మూడు వేలు తెప్పించండి సార్, సరిపోతాయి" అన్నాడు. తెప్పించాను. వెనక గోడ సగంలో ఉండగా ఇటుక అయిపోయింది. అప్పటికి మృగశిర కార్తె వచ్చేసింది. తొలకరి పడ్డాక బట్టీల్లో కొత్త ఇటుక కోయరు, కాల్చరు. నాలుగు చోట్ల తిరిగితే దొరికిన రెండో లోడు మరో బట్టీది. రంగు వేరు, మందం పావు అంగుళం తక్కువ. పాత వరుసలతో మట్టం కలపడానికి కొన్నిచోట్ల మాలు (ఇటుకల మధ్య వేసే సిమెంటు, ఇసుక ముద్ద) రెట్టింపు మందం వేయాల్సి వచ్చింది. పైన ప్లాస్టరింగు చేసినా ఆ చోటు ఎక్కడుందో ఇప్పటికీ చేత్తో చూపించగలను.

ఆ మేస్త్రీ పనిమంతుడు. నోటి లెక్కలో ఆయనేమీ మోసం చేయలేదు. ఆయన చెప్పిన సంఖ్య అంతకు ముందు వేరేచోట కట్టిన ఇటుకది, నా ఇటుకది కాదు. తేడా అంతా అక్కడే వచ్చింది. కాబట్టి "గోడకు ఎన్ని ఇటుకలు?" అని ఎవరినైనా అడిగే ముందు "ఏ ఇటుక?" అన్నది తేల్చుకోండి. మిగతాది భాగహారమూ గుణకారమూ మాత్రమే.

ఇరవై ఇటుకలు ఇంటికి తెచ్చుకోండి

మన ప్రాంతంలో ఎర్ర ఇటుక ఎక్కువగా చేత్తో అచ్చుపోసినదే. పెద్దపల్లి, కరీంనగర్ వైపు బట్టీల్లో పశ్చిమ ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు చలికాలం నుంచి వేసవి చివరి దాకా అక్కడే గుడిసెలు వేసుకొని ఇటుక కోస్తాయి. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. చేతి పని, మట్టి పని, పైగా ఆరేటప్పుడూ కాలేటప్పుడూ ఎంతో కొంత కుంచించుకుపోతుంది. అందువల్ల ఒక బట్టీ ఇటుక మరో బట్టీ ఇటుకలా ఉండదు. అందరూ "తొమ్మిది అంగుళాల ఇటుక" అనే అంటారు, టేపు పెడితే ఎనిమిదిన్నరే తేలవచ్చు.

మీకు నచ్చిన బట్టీ నుంచి ఇరవై ఇటుకలు కొనుక్కొని రండి. నమూనాగా పైన పెట్టిన మంచివి కాకుండా, పేర్పులో పైనుంచీ నడుమ నుంచీ అడుగు నుంచీ తీయించండి. వాటిని నేల మీద పొడవుగా ఒకదానికొకటి ఆనించి బారుగా పెట్టి, మొత్తం పొడవు కొలవండి. 15 అడుగులు వస్తే ఒక్కో ఇటుక 9 అంగుళాలు. 14 అడుగుల 2 అంగుళాలే వస్తే 8½ అంగుళాలు. తర్వాత అవే ఇటుకలను పక్కల మీద నిలబెట్టి, పుస్తకాల్లా ఆనించి మందం కొలవండి. 5 అడుగులు వస్తే 3 అంగుళాల మందం. 4 అడుగుల 7 అంగుళాలైతే 2¾. ఒక్క ఇటుకను కొలిస్తే దాని వంకరే మీ లెక్కలోకి వస్తుంది. ఇరవైని కలిపి కొలిస్తే హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. ఇటుకలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1077 కూడా ఇరవై ఇటుకలను కలిపి కొలవమనే చెబుతుంది.

ఆ ప్రమాణం సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అందులోని మాడ్యులర్ ఇటుక 190 × 90 × 90 మిల్లీమీటర్లు. చుట్టూ 10 మిల్లీమీటర్ల మాలు కలిపితే ఒక ఘనపు మీటరుకు సరిగ్గా 500 ఇటుకలు పడతాయి. ఫోనులో లెక్కలు కట్టే చాలా సాధనాల్లో కనిపించే 500 ఇక్కడి నుంచి వచ్చిందే. మన బట్టీ ఇటుక ఆ కొలతలో ఉండదు. 9 × 4¼ × 3 అంగుళాల ఇటుకైతే, ఒక్క వరసే పరిచే సన్న గోడలో ఘనపు మీటరుకు సుమారు 430 చాలు. ఫోను చెప్పిందని తెప్పించుకుంటే, కింద చెప్పబోయే గోడకు ఐదు వందల ఇటుకలు మిగిలిపోతాయి.

ఇటుకలు చేతిలో ఉన్నాయి కాబట్టి నాణ్యత కూడా చూసుకోండి. రెండింటిని తడితే ఖంగుమనాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. నాలుగడుగుల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు. బాగా ఎండిన ఇటుకను తూచి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచండి. పొడిగా 3 కిలోలున్న ఇటుక, నానాక 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు. అంటే తన బరువులో అయిదో వంతుకు మించి నీరు పీల్చకూడదు. పాలంపేట రామప్ప గుడి గురించి ఇక్కడ గుర్తొస్తుంది. 1213 నాటి ఆ గుడి విమానానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. కింద ఉన్న రాతి కట్టడం మీద బరువు తగ్గించడానికి, కావాలని, సన్నని రంధ్రాలతో చేసిన ఇటుకలవి. ఏ చోటికి ఏ ఇటుక అన్నది అంత ఆలోచించి నిర్ణయించిన నేల ఇది. మన ప్రహరీకి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: బరువైన, వానకు తడిసి ఉబ్బని, గట్టి ఇటుక.

చదరపు అడుగుకు ఎన్ని పడతాయి

ఇటుకల మధ్య మాలు మందం అర అంగుళం అనుకుందాం. ఇటుక పొడవుకూ మందానికీ చెరో అర అంగుళం కలిపి గుణించండి. 9 × 4¼ × 3 ఇటుకకు 9½ × 3½, అంటే 33¼ చదరపు అంగుళాలు. గోడ ముఖం మీద ఒక ఇటుక, తన వాటా మాలుతో కలిపి, ఆక్రమించే చోటు అది. చదరపు అడుగులో 144 చదరపు అంగుళాలు. 144ను 33¼తో భాగిస్తే 4.33. వాడుకలో నాలుగున్నర అంగుళాల గోడ అనే సన్న గోడకు, అంటే ఇటుకను పొడవుగా ఒక్క వరసే పరిచే గోడకు, చదరపు అడుగుకు 4.33 ఇటుకలు. తొమ్మిది అంగుళాల గోడకు దానికి రెట్టింపు, 8.66. ఆ మందపు గోడలో కొన్ని వరుసలు పొడవుగా, కొన్ని అడ్డంగా వస్తాయి. ఎలా పేర్చినా లోపల నిండేది అంతే కాబట్టి లెక్క మారదు.

ఇప్పుడు ఇదే లెక్కను 8½ × 4 × 2¾ ఇటుకకు వేయండి. 9 × 3¼ అంటే 29¼. 144ను దానితో భాగిస్తే 4.92. పొడవులో అర అంగుళం, మందంలో పావు అంగుళం. చేతిలో పట్టుకుంటే తెలియనంత తేడా. గోడ మీదకు వెళ్లేసరికి ప్రతి వంద ఇటుకలకూ పద్నాలుగు దాకా ఎక్కువ.

రామగుండం, చెల్పూరు థర్మల్ కేంద్రాల బూడిద దగ్గరలోనే ఉండటం వల్ల మన వైపు బూడిద ఇటుక కూడా బాగా వాడుకలో ఉంది. అది యంత్రం మీద అచ్చయ్యేది కాబట్టి అంచులు సూటిగా, కొలతలు ఒకేలా ఉంటాయి. 9 × 4 × 3 బూడిద ఇటుకకు కూడా సన్న గోడలో 4.33 లెక్కే. వెడల్పు పావు అంగుళం తగ్గినా సంఖ్య మారదు, ఎందుకంటే గోడ ముఖం మీద వెడల్పు కనిపించదు. 16 × 8 × 4 సిమెంటు దిమ్మ వాడేవారికి లెక్క ఇంకా సులువు, చదరపు అడుగుకు ఒకటి చొప్పున, వందకు మూడు కలుపుకుంటే చాలు.

గోడను కొలవడం: 200 గజాల ప్లాటు

వరంగల్ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించే 30 × 60 అడుగుల ప్లాటునే తీసుకుందాం. చుట్టుకొలత 180 అడుగులు. చాలామంది దీన్నే ఎత్తుతో గుణించి ఆర్డరు ఇచ్చేస్తారు. అలా చేయవద్దు. 180 అడుగుల్లో పిల్లర్లూ గేట్లూ ఉన్నాయి, వాటిలో ఇటుక లేదు.

గోడ నాలుగున్నర అంగుళాలది. కింద రాతి పునాది, దాని మీద ప్లింత్ బీమ్ (పునాది పైన పోసే కాంక్రీటు దూలం), పదడుగులకొక 9 × 9 అంగుళాల కాంక్రీటు పిల్లర్. ఇటుక పని బీమ్ పైనుంచి 5 అడుగులు. పిల్లర్ల నడుమ ఖాళీని మాత్రమే కొలవండి.

60 అడుగుల వైపు ఏడు పిల్లర్లు వస్తాయి. ఒక్కోటి ముప్పావు అడుగు కాబట్టి 5¼ అడుగులు పోగా 54¾ మిగులుతుంది. రెండు వైపులా కలిపి 109½. వెనక 30 అడుగుల వైపు మూల పిల్లర్లతో కలిపి నాలుగు, 3 అడుగులు పోతే 27. ముందు వైపు పెద్ద గేటుకు 10 అడుగులు, చిన్న గేటుకు 3, మొత్తం అయిదు పిల్లర్లు. 30లో నుంచి 13, 3¾ తీసేస్తే 13¼. అన్నీ కలిపితే 149¾, 150 అడుగులు అనుకుందాం. ఎత్తు 5తో గుణిస్తే 750 చదరపు అడుగులు.

750ని 4.33తో గుణిస్తే 3,248. చిన్న ఇటుకైతే 750 × 4.92, అంటే 3,690. ఒకే గోడ, ఒకే మేస్త్రీ, 440 ఇటుకల తేడా. ధర మాట్లాడేటప్పుడు ఈ తేడా దగ్గర పెట్టుకోండి. ఉదాహరణకు పెద్ద ఇటుక ఒక్కోటి 8 రూపాయలు, చిన్నది 7 రూపాయల 25 పైసలు చెబుతున్నారనుకోండి. వెయ్యికి 750 రూపాయలు కలిసివస్తున్నట్టు అనిపిస్తుంది. గోడ మొత్తానికి వేస్తే పెద్ద ఇటుకకు 25,984 రూపాయలు, చిన్నదానికి 26,750 దాటుతాయి. పైగా ఇటుకల సంఖ్య పెరిగిన కొద్దీ మాలు, కూలి కూడా పెరుగుతాయి. వెయ్యి ధర అడగడం మానేసి, చదరపు అడుగు గోడకు ఎంత పడుతుందో మీరే లెక్కగట్టి రెండు బట్టీలను పోల్చండి.

ఈ సంఖ్యను మరో దారిలో సరిచూసుకోవచ్చు. ఒక వరుస ఎత్తు 3½ అంగుళాలు. 60 అంగుళాల ఎత్తులో 17 వరుసలు. 150 అడుగులంటే 1,800 అంగుళాలు; 9½తో భాగిస్తే వరుసకు 190 ఇటుకలు. 17 × 190 అంటే 3,230. రెండు దారులూ దగ్గరగా కలిశాయంటే లెక్కలో పెద్ద తప్పు లేదన్నమాట. కలవకపోతే ఎక్కడో గేటును తీసేయడం మరిచారు, లేదా అడుగులనూ అంగుళాలనూ కలిపేశారు.

నేల వాలుగా ఉంటే జాగ్రత్త. కాజీపేట, హనుమకొండ గుట్టల పక్క కాలనీల్లో సమతలమైన ప్లాటు అరుదు. గోడ పైభాగం ఒకే మట్టంలో ఉండాలనుకుంటే పల్లం వైపు ఇటుక పని ఎత్తు పెరుగుతుంది. నీళ్ల గొట్టంతో మట్టం చూసి రెండు చివరల ఎత్తూ రాసుకొని, సగటు తీసుకోండి. ఒక 60 అడుగుల వైపు ఈ చివర 5, ఆ చివర 6½ అడుగులైతే సగటు 5¾. ఆ ఒక్క వైపే 41 చదరపు అడుగులు, 178 ఇటుకలు అదనం. బీమ్‌నే మెట్లుగా దింపి కడుతుంటే ఒక్కో మెట్టును విడిగా కొలవాలి.

గేటు పిల్లర్లను నిండుగా కనిపించేలా చుట్టూ ఇటుకతో కట్టించుకోవాలన్న కోరిక చాలామందికి పని సగంలో పుడుతుంది. ముందే నిర్ణయించుకోండి. 9 × 9 కాంక్రీటు పిల్లర్ చుట్టూ ఒక ఇటుక వరస తిప్పితే వరుసకు ఆరు ఇటుకలు. ఆరడుగుల ఎత్తుకు 21 వరుసలు, పిల్లరుకు 126. మూడు పిల్లర్లకు దాదాపు నాలుగు వందలు. చివర్లో ఇటుక తక్కువ పడడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం.

ఇంటి గోడలకైతే ఇదే పద్ధతిలో దర్వాజాలూ కిటికీలూ లింటల్ బీమ్‌లూ తీసేయండి. 3½ × 7 దర్వాజా ఒక్కటే 24½ చదరపు అడుగులు. పైపు కోసం వదిలే చిన్న రంధ్రాలను లెక్కలోంచి తీయనక్కర్లేదు.

తరుగు ఎంత కలపాలి

మంచి ఇటుకకు నూటికి అయిదు, మెత్తగా ఉన్న నాటు ఇటుకకు పది. మన గోడకు 3,248 మీద అయిదు శాతం కలిపితే 3,410. పది శాతమైతే 3,573. మీ ఇరవై ఇటుకల్లో రెండు దారిలోనే అంచులు రాలిపోయి ఉంటే పది శాతం దగ్గరే ఆగండి, లేదా ఆ బట్టీని వదిలేయండి.

తరుగు కొంత దారిలో పోతుంది, మిగతాది పని జరిగే చోట. దారి సంగతి మనం పెద్దగా చేయగలిగింది లేదు. పని చోట మాత్రం చేయగలం. పై ఉదాహరణలో పొడవు వైపు పిల్లర్ల నడుమ ఖాళీ 109½ అంగుళాలు. అందులో పదకొండు నిండు ఇటుకలూ ఒక సగం ముక్కా చక్కగా ఇముడుతాయి. ఒక వరుస నిండు ఇటుకతో మొదలై సగంతో ముగుస్తుంది, పై వరుస సగంతో మొదలై నిండుతో ముగుస్తుంది. నిలువు సందులు ఒకదాని మీద ఒకటి రావు. పన్నెండు ఖాళీలు, పదిహేడు వరుసలు, మొత్తం 204 సగం ముక్కలు. ఒక ఇటుకను నేర్పుగా రెండు చేస్తే 102 ఇటుకలతో పని అయిపోతుంది. ఒక సగం వాడి రెండో సగాన్ని రాళ్ల కుప్పలో వేస్తే 204 పోతాయి. ఆ వంద ఇటుకలు ఎండలో కూర్చొని కోసిన మనిషి కష్టం. పని మొదలైన రోజే మేస్త్రీకి చెప్పి, సగం ముక్కలకూ దారిలో విరిగిన ఇటుకలకూ ఒక కుప్ప వేయించండి. ముందు ఆ కుప్పలోంచి వాడాకే నిండు ఇటుక మీద చేయి వేయాలి.

పిల్లర్లు ఇంకా వేయకపోతే మరీ మంచిది. తెచ్చిన ఇరవైలో పన్నెండు ఇటుకలను మాలు లేకుండా, మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వదిలి నేల మీద పేర్చి చూడండి. ఎక్కడ నిండు ఇటుకతో గానీ సగంతో గానీ వరుస ముగుస్తుందో అక్కడ పిల్లర్ గుర్తు పెట్టించండి. పావు ముక్క, ముప్పావు ముక్క అవసరం రానంత కాలం తరుగు అయిదు శాతం దాటదు.

మాలు లెక్క

750 చదరపు అడుగుల గోడ 4¼ అంగుళాల మందంతో 266 ఘనపుటడుగులు. అందులో ఇటుకలు 216. మిగిలిన 50 మాలు. ఇటుక మీది గుంట నిండటానికీ కిందపడి పోయేదానికీ కలిపి 60 అనుకోండి. పొడి ఇసుక, సిమెంటు నీళ్లు కలిపాక కుంగుతాయి కాబట్టి పొడి సరుకు 80 ఘనపుటడుగులు కావాలి. సన్న గోడకు ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక నా సలహా: సిమెంటు 13 బస్తాలు, ఇసుక 64 ఘనపుటడుగులు. మూడు నాలుగు వరుసలకోసారి రెండు సన్న ఇనుప చువ్వలు వేయించి పిల్లర్లలోకి పట్టించండి. సన్న గోడ పొడవునా నిలబడేది వాటి బలంతోనే. ప్లాస్టరింగుకూ బీమ్‌కూ కావలసిన సిమెంటు దీనికి వేరు.

సందులు ముప్పావు అంగుళానికి పెంచితే చదరపు అడుగుకు 3.94 ఇటుకలే పడతాయి, మూడు వందల దాకా మిగులుతాయి. కొందరు దాన్ని ఆదాగా చెబుతారు. మాలు మాత్రం నలభై శాతం పెరుగుతుంది, గోడ బలం తగ్గుతుంది. టేపు పట్టుకొని రోజుకోసారి పది వరుసల ఎత్తు కొలవండి. 35 అంగుళాలకు అటూఇటూగా ఉంటే పని సరిగా సాగుతోంది. 37 దాటితే ఆ పూటే మాట్లాడండి.

తెప్పించుకోవడం, దించుకోవడం

ఉగాది లోపే ఇటుక ఇంటి ముందు ఉండేలా చూసుకోండి. ఒకే బట్టీ నుంచి, వీలైతే ఒకే ఆవంది (అంటే ఒకేసారి కాల్చినది), మొత్తం ఒకేసారి. మన ఉదాహరణకు 3,410 వచ్చింది కాబట్టి 3,500 చెప్పవచ్చు. మిగిలే కొన్నింటికి తులసికోట, మెట్టు, నీళ్ల తొట్టి అంచు ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ట్రాక్టరుకు ఎన్ని పడతాయన్నది ట్రాలీని బట్టీ ఇటుకను బట్టీ మారుతుంది. లోడు లెక్కన ఒప్పుకోకుండా సంఖ్య లెక్కన ఒప్పుకోండి.

దించేటప్పుడు దగ్గర ఉండండి. ట్రాలీ ఎత్తి కుమ్మరించనీయవద్దు. ఒక్క కుమ్మరింపుతో మీరు కలుపుకున్న తరుగంతా అక్కడే అయిపోతుంది. కూలీకి నాలుగు డబ్బులు ఎక్కువైనా చేత్తో దింపించి పేర్చించండి. పొడవుకు పది, వెడల్పుకు నాలుగు, ఎత్తుకు అయిదు వరుసలు పెడితే ఒక్కో పేర్పు 200. లోపల డొల్లగా వదలకుండా పేర్చారో లేదో పైనుంచి చూడండి. విరిగినవి పేర్పులోకి రానీయకుండా పక్కన పెట్టించి, అవి ఎన్నో వేరుగా రాసుకోండి. పదిహేడు పేర్పులు నిండి పద్దెనిమిదోది సగానికి వస్తే మీ మూడున్నర వేలు వచ్చినట్టు. డబ్బు అప్పుడు ఇవ్వండి.